చెట్ల పుప్పొడి అలర్జీకి రక్త పరీక్ష: రిపోర్టులో అన్నీ పాజిటివ్, ఏది నమ్మాలి?

చిగురుకొమ్మ:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. నాకు ఏటా ఆకులు రాలి కొత్త చిగుళ్ళు వేసే రోజుల్లో తుమ్ములు మొదలవుతాయి. పొద్దున లేస్తూనే వరసగా తుమ్ములు, కళ్ళు ఎర్రబడి విపరీతమైన దురద, ముక్కు ఒకటే కారడం, అంగిట్లో కూడా దురద. కొన్ని వారాలు ఇలా ఉండి తగ్గిపోతుంది, మిగతా ఏడాదంతా దాదాపు బాగానే ఉంటాను. ఈసారి డాక్టరు గారు చెట్ల పుప్పొడి అలర్జీ అయ్యుంటుందని రక్త పరీక్ష రాశారు. ల్యాబులో ఒక్కొక్కటి విడిగా చేయించే బదులు ప్యానెల్ చేయిస్తే అన్నీ ఒకేసారి తేలిపోతాయన్నారు, సరేనని అదే ఇచ్చాను.

రిపోర్టు వచ్చాక టెన్షన్ ఇంకా పెరిగింది. టోటల్ ఐజీఈ, అంటే అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ మొత్తం, 290. చెట్లలో బిర్చ్ 0.58, ఓక్ 0.51, ఆలివ్ 0.72, సైప్రస్ 0.40, సర్కారు తుమ్మ 9.6. గడ్డి పుప్పొడి 0.66. అక్కడితో ఆగలేదు, వేరుశనగ 0.47, గోధుమ 0.39, టమాటా 0.52 అని అవి కూడా పాజిటివ్ కింద వేశారు. వీటిని నేను చిన్నప్పటి నుంచీ తింటున్నాను, ఒక్కసారి కూడా ఏమీ కాలేదు. బిర్చ్ చెట్టునైతే నేను ఫోటోలో తప్ప చూడలేదు, దానికి అలర్జీ ఎలా వస్తుంది?

ఇప్పుడు ఇవన్నీ తినడం మానేయాలా? వందకు పైగా అలర్జెన్లు (అలర్జీ తెప్పించే పదార్థాలు) చూసే ఇంకా పెద్ద ప్యానెల్ ఉందంటున్నారు, అది చేయించాలా? స్కిన్ టెస్ట్ కూడా అవసరమా? ఇంకో అనుమానం, రక్తం ఇచ్చిన రోజున కూడా అలర్జీ మాత్ర సెటిరిజిన్ వేసుకునే ఉన్నాను, దానివల్ల రిపోర్టు తప్పు వచ్చి ఉంటుందా? డాక్టరు గారి అపాయింట్‌మెంట్‌కి ఇంకా టైముంది, ఈలోపు తెలిసినవాళ్ళు చెప్పండి.

పరీక్షనాళిక:

నేను ల్యాబులోనే పని చేస్తాను, డాక్టర్ని కాదు. పరీక్ష గురించి వరకు చెప్పగలను.

ముందు సెటిరిజిన్ సంగతి. ఏమీ కాదు. ఇలాంటి యాంటీహిస్టమిన్ మాత్రలు, తుమ్ములూ దురదా తెప్పించే హిస్టమిన్ అనే పదార్థం పనిని అడ్డుకుంటాయి గానీ రక్తంలో ఉండే ఐజీఈ యాంటీబాడీలను తగ్గించవు, మేము కొలిచేది ఆ యాంటీబాడీలనే. పరగడుపున రావాల్సిన పని కూడా లేదు.

ఇక పరీక్ష ఎలా జరుగుతుందంటే, ఒక చెట్టు పుప్పొడి నుంచి తీసిన ప్రోటీన్లను ఒక చిన్న స్పాంజి లాంటి పదార్థానికి అంటించి ఉంచుతారు. దాని మీద మీ సీరం, అంటే రక్తం నుంచి వేరుచేసిన ద్రవం వేస్తే, ఆ పుప్పొడిని గుర్తుపట్టే ఐజీఈ మీ రక్తంలో ఉంటే అతుక్కుంటుంది, లేకపోతే కడిగినప్పుడు పోతుంది. తర్వాత ఐజీఈని పట్టుకునే ఇంకో యాంటీబాడీ వేస్తాం, దానికి ఒక ఎంజైమ్ తగిలించి ఉంటుంది, దానివల్ల వచ్చే వెలుగును మెషీన్ కొలుస్తుంది. వెలుగు ఎంత ఎక్కువైతే ఐజీఈ అంత ఎక్కువ. పాత రోజుల్లో ఎంజైమ్ బదులు రేడియోధార్మిక పదార్థం వాడేవారు, రాస్ట్ అనే పేరు అలా వచ్చిందే, ఇప్పటికీ కొందరు డాక్టర్లు అలవాటు కొద్దీ చీటీలో రాస్ట్ అనే రాస్తారు.

0.35 దాటితే పాజిటివ్ అనే గీత ఆ కాలం నుంచి వచ్చింది. ఇప్పటి మెషీన్లు 0.10 వరకు కూడా చూడగలవు. 0.35 నుంచి 0.70 వరకు క్లాస్ 1, 3.5 వరకు క్లాస్ 2, 17.5 వరకు క్లాస్ 3, 50 వరకు క్లాస్ 4, 100 వరకు క్లాస్ 5, ఆ పైన క్లాస్ 6. అంటే మీ బిర్చ్, ఓక్, సైప్రస్, గడ్డి, తిండి పదార్థాలన్నీ క్లాస్ 1లో ఉన్నాయి, ఆలివ్ క్లాస్ 2లోకి అప్పుడే అడుగుపెట్టింది, సర్కారు తుమ్మ ఒక్కటే క్లాస్ 3.

దయచేసి క్లాస్ 1 అంటే తక్కువ అలర్జీ, క్లాస్ 5 అంటే తీవ్రమైన అలర్జీ అని చదవకండి. క్లాసు చెప్పేది రక్తంలో యాంటీబాడీ ఎంత ఉందో అంతవరకే. మీకు తుమ్ములు ఎంత వస్తాయో అది చెప్పదు. అంకె పెరిగేకొద్దీ నిజంగా అలర్జీ అయ్యే అవకాశం పెరుగుతుంది, అది నిజమే, కానీ 2 వచ్చినవాళ్ళు మంచాన పడిన సీజన్లో 40 వచ్చినవాళ్ళు మామూలుగా తిరగడం కూడా ఉంటుంది. ఇంకొకటి, ఒక కంపెనీ కిట్‌లో వచ్చిన అంకెను ఇంకో కంపెనీ కిట్‌లో వచ్చిన అంకెతో పోల్చకూడదు. వచ్చే ఏడాది వేరే ల్యాబులో చేయించి తగ్గిందని సంతోషపడడం, పెరిగిందని భయపడడం రెండూ అనవసరం.

గాలిమర:

ఎందుకీ తలనొప్పి, స్కిన్ టెస్ట్ చేయించుకోండి, పావుగంటలో తేలిపోతుంది. రక్త పరీక్షలు డబ్బు దండగ.

బుజ్జివాళ్ళమ్మ:

చిగురుకొమ్మ గారూ, మిగతావి ఎలా ఉన్నా తిండి మాత్రం మానేయకండి. ఈ ఒక్క మాట చెప్పడానికే లాగిన్ అయ్యాను.

మా బాబుకి ముక్కు కారుతోందని ఇలాగే పెద్ద ప్యానెల్ చేశారు. పుప్పొడులతో పాటు గోధుమ, పాలు, గుడ్డు, సోయా అన్నీ చిన్న చిన్న అంకెలతో పాజిటివ్ వచ్చాయి. రిపోర్టుతో పాటు ఒక డైట్ చార్ట్ ఇచ్చి ఇవన్నీ ఆపేయమన్నారు. అంతకుముందు రోజు వరకు హాయిగా తిన్నవే అవన్నీ. పిల్లాడు చిక్కిపోయాడు, ముక్కు కారడం మాత్రం ఏమీ తగ్గలేదు. చివరికి అలర్జీ స్పెషలిస్టు దగ్గరికి వెళ్తే ఆవిడ రిపోర్టు పక్కన పెట్టి అడిగిన మొదటి ప్రశ్న, "తిన్నాక ఏమైంది?" అని. ఏమీ కాలేదన్నాను. "అయితే అది అలర్జీ కాదు, తిననివ్వండి" అన్నారు. కొన్నిటిని మాత్రం ఆసుపత్రిలోనే తన ఎదుట తినిపించి చూశారు. చాలాకాలం ఆపేసిన పదార్థాన్ని, అలర్జీ ధోరణి ఉన్నవాళ్ళకు, ఇంట్లో సొంతంగా మళ్ళీ మొదలుపెట్టకూడదట. అసలు శరీరం అలవాటుగా ఒప్పుకుంటున్న పదార్థాన్ని అనవసరంగా మానేస్తే ఆ ఒప్పుకోవడం కూడా పోయే ప్రమాదం ఉంటుందని చెప్పారు. అందుకే మానేయకండి అంటున్నాను.

తుమ్మెదరెక్క:

నేను ఇమ్యునాలజీ చదువుకున్నాను, ఈ రిపోర్టులో నాకు అందరికంటే ఆసక్తిగా కనిపించినది అంకెలు కాదు, వాటి వరస. 9.6 ఒక్కటి తీసేస్తే మిగతావన్నీ 0.39కీ 0.72కీ మధ్యే ఉన్నాయి. బిర్చ్, ఓక్, ఆలివ్, సైప్రస్ వేర్వేరు కుటుంబాల చెట్లు, మళ్ళీ వీటితో గోధుమకూ టమాటాకూ ఏ చుట్టరికమూ లేదు. అన్నిటికీ ఒకేసారి, ఒకే స్థాయిలో అలర్జీ రావడం కంటే, అన్నిట్లోనూ ఉండే ఏదో ఒక చిన్న భాగాన్ని మీ ఐజీఈ పట్టుకుంటోందని అనుకోవడమే సబబు.

అలాంటివి ముఖ్యంగా రెండు. ఒకటి సీసీడీ అంటారు. మొక్కల ప్రోటీన్ల మీద అతుక్కుని ఉండే చక్కెర గొలుసులు ఇవి. ఒకే యూనిఫాం వేసుకున్న పిల్లల్లాగా, ప్రోటీన్లు వేరైనా పైన ఉన్న ఈ గొలుసులు చాలా మొక్కల్లో ఒకేలా ఉంటాయి. కొందరి శరీరం వీటికి ఐజీఈ తయారుచేస్తుంది, దాంతో పరీక్షలో పుప్పొడులూ తిండి గింజలూ అన్నీ కొద్దికొద్దిగా పాజిటివ్ చూపిస్తాయి. కానీ ఈ ఐజీఈ వల్ల సాధారణంగా ఏ లక్షణమూ రాదు. ల్యాబుని అడిగితే సీసీడీకి విడిగా పరీక్ష ఉంటుంది, కొన్నిచోట్ల బ్రోమెలైన్ పేరుతో చేస్తారు. అది పాజిటివ్ వచ్చిందంటే మీ చిన్న అంకెల్లో చాలావాటికి జవాబు దొరికినట్టే.

రెండోది ప్రొఫిలిన్. ఇది దాదాపు ప్రతి మొక్క కణంలోనూ ఉండే ప్రోటీన్, అన్ని మొక్కల్లోనూ చాలావరకు ఒకేలా ఉంటుంది. దీనికి ఐజీఈ ఉన్నవాళ్ళలో కొందరికి కొన్ని పళ్ళు, కూరగాయలు వండకుండా తిన్నప్పుడు నోట్లో దురద పుడుతుంది, చాలామందికి అదీ ఉండదు.

మీరు చూడని బిర్చ్‌కి పాజిటివ్ ఎలా వచ్చిందంటే ఇలాగే వచ్చి ఉండాలి. నిజంగా బిర్చ్ అలర్జీ ఉన్నదీ లేనిదీ తేల్చాలంటే మొత్తం పుప్పొడికి కాకుండా అందులోని ఒక్కో ప్రోటీన్‌కి విడిగా చూసే కాంపొనెంట్ పరీక్షలు ఉన్నాయి. బిర్చ్‌లో అసలైన ప్రోటీన్ పేరు బెట్ వీ 1. బెట్ వీ 2 అనేది దాని ప్రొఫిలిన్. మొదటిది పాజిటివ్ అయితే బిర్చ్ గానీ, దాని చుట్టాలైన ఆల్డర్, హేజెల్, ఓక్ వర్గం గానీ కారణమయ్యే అవకాశం ఉంది. మొదటిది నెగటివ్ అయ్యి రెండోది మాత్రమే పాజిటివ్ అయితే వేరే ఏ మొక్క వల్లనో వచ్చిన ఐజీఈ బిర్చ్‌లో కూడా కనిపిస్తోందని అర్థం. ఆలివ్‌కి ఓల్ ఈ 1, సైప్రస్‌కి కప్ ఎ 1 అని ఇలాగే ఉన్నాయి. మీ విషయంలో ఇవన్నీ చేయించాల్సిన అవసరం నాకైతే కనబడడం లేదు, మీ చుట్టుపక్కల లేని చెట్టు గురించి ఎందుకు తవ్వడం?

పనిలో పనిగా ఒక మాట. ఐజీఈ అనేది ఒకటుందని తెలిసి ఇంకా 60 ఏళ్ళే. 1960ల రెండో సగంలో అమెరికాలో పని చేస్తున్న కిమిషిగె ఇషిజాక, తెరుకొ ఇషిజాక దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ వేర్వేరు దారుల్లో దీన్ని కనిపెట్టారు, 1968లో దానికి ఐజీఈ అని పేరు ఖాయమైంది. అంతకుముందు తరాలవాళ్ళు ఏటా ఇదే బాధ పడుతూ, దాని వెనకున్న యాంటీబాడీ ఏదో తెలియకుండానే బతికారు. అందుకే ఈ పరీక్షని దండగ అంటే నాకు బాధేస్తుంది, సరైన ప్రశ్న వేస్తే చాలా విలువైన పరీక్ష ఇది.

పరీక్షనాళిక:

గాలిమర గారికి జవాబు. స్కిన్ ప్రిక్ టెస్ట్ మంచిదే, చాలామంది స్పెషలిస్టులు మొదట అదే చేస్తారు. ముంజేతి మీద పుప్పొడి ద్రావణం చుక్కలు పెట్టి సన్నగా గుచ్చుతారు, 15, 20 నిమిషాల్లో దద్దు లేస్తుందేమో చూస్తారు, ఉత్త ద్రావణం పెట్టిన చోటి కంటే కనీసం 3 మిల్లీమీటర్లు పెద్దదైతే పాజిటివ్. ఫలితం అక్కడికక్కడే కంటికి కనబడుతుంది, ఉన్న అలర్జీని రక్త పరీక్ష కంటే కొంచెం బాగా పట్టుకుంటుంది కూడా. కానీ దానికి సెటిరిజిన్ లాంటి మాత్రలు దాదాపు వారం ముందు నుంచి ఆపాలి, సీజన్ మధ్యలో ఉన్నవాళ్ళకి అది నరకం. డిప్రెషన్‌కి వాడే కొన్ని పాత మందులు కూడా అడ్డొస్తాయి, వాటిని డాక్టరుకి చెప్పకుండా ఆపకూడదు. చర్మమంతా ఎగ్జిమా ఉన్నవాళ్ళకీ, గీరితే చాలు దద్దు లేచే చర్మం ఉన్నవాళ్ళకీ, ఆస్తమా అదుపులో లేనివాళ్ళకీ, బీపీకీ గుండెకీ ఇచ్చే బీటా బ్లాకర్లు వాడేవాళ్ళకీ రక్త పరీక్షే మేలు. రక్తంలో ఎన్ని పుప్పొడులకు చూసినా మనిషికి రియాక్షన్ వచ్చే భయం లేదు.

రెండూ వెతికేది ఒకే ఐజీఈని, ఒకటి చర్మంలో, ఒకటి రక్తంలో. కాబట్టి స్కిన్ టెస్ట్ చేయించినా, పాజిటివ్ వచ్చినంత మాత్రాన అది అలర్జీ అని తేలిపోదు. తుమ్మెదరెక్క గారు చెప్పిన సీసీడీ విషయంలో మాత్రం స్కిన్ టెస్ట్ పనికొస్తుంది, ఎందుకంటే అది చర్మం మీద మామూలుగా దద్దు లేపదు.

చిగురుకొమ్మ:

చాలా చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. తిండి మానడం లేదు, బుజ్జివాళ్ళమ్మ గారు రాసింది చదివి గుండె తేలికపడింది.

ఇప్పుడు ఆలోచిస్తే నేను రోజూ నడిచే దారి పొడుగునా సర్కారు తుమ్మ పొదలే. పసుపుపచ్చ కంకులు వేలాడే రోజుల్లోనే నాకు బాగా ఎక్కువవుతుందనిపిస్తోంది, కానీ అదే సమయంలో ఎర్రగా పెద్ద పెద్ద పూలు పూసే చెట్లు కూడా ఉంటాయి, ఇంట్లోవాళ్ళు వాటివల్లే అంటారు. ఇంకోటి కూడా చెప్పాలి, ఈసారి ఆ రోజుల్లో మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు అయ్యింది, రాత్రుళ్ళు కొంచెం పిల్లికూతలు కూడా వచ్చాయి. డాక్టరు గారికి ముక్కు గురించే చెప్పాను, ఇది చెప్పలేదు. ఇదీ పుప్పొడే అంటారా?

తుమ్మెదరెక్క:

పిల్లికూతల మాట ముందు. అది ఈ థ్రెడ్ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం. పుప్పొడి అలర్జీ ఉన్నవాళ్ళలో కొందరికి అదే సీజన్లో ఆస్తమా కూడా వస్తుంది, ముక్కుకి వాడే మందులతో ఛాతీ బాగుపడదు. అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేసి చెప్పండి, ఊపిరి ఊదించి చూసే స్పైరోమెట్రీ చేస్తారు. మాట్లాడుతుంటే కూడా ఆయాసం వచ్చేంత అయితే ఎవర్నీ అడక్కుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఐజీఈ అంకెలు దీని గురించి ఏమీ చెప్పవు.

ఎర్రపూల చెట్ల గురించి: కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే పూలు చాలావరకు పురుగుల కోసం, పక్షుల కోసం పూసేవి. వాటి పుప్పొడి బరువుగా, జిగురుగా ఉండి గాల్లో ఎక్కువ దూరం పోదు. పుప్పొడి అలర్జీలో ఎక్కువసార్లు దొరికే దొంగలు బిర్చ్, ఓక్, సైప్రస్, సరుగుడు లాంటి, ఎవరూ తల తిప్పి చూడని పూలు పూసే చెట్లు. సర్కారు తుమ్మకి తేనెటీగలూ వస్తాయి, పుప్పొడి గాల్లోకీ చేరుతుంది, అలర్జీ తెప్పించే చెట్టుగా అది పేరున్నదే. మీ 9.6కీ మీరు చెప్పిన కంకుల రోజులకీ పొంతన కుదురుతోంది. రిపోర్టులో ఒక్క వరసను నమ్మమంటే నేను ఆ వరసనే నమ్ముతాను, అది కూడా అంకె పెద్దదని కాదు, మీ లక్షణాలు దానితో కలిసి వస్తున్నాయని.

అపాయింట్‌మెంట్‌కి వెళ్ళేటప్పుడు రిపోర్టుతో పాటు ఒక కాగితం తీసుకెళ్ళండి. ఏ వారంలో మొదలైంది, ఏ వారంలో తగ్గింది, బయట ఉంటే ఎక్కువా ఇంట్లో ఉంటే ఎక్కువా, వాన పడ్డ రోజున ఎలా ఉంది, వేరే ప్రాంతానికి వెళ్ళినప్పుడు తగ్గిందా, ఆ రోజుల్లో చుట్టూ ఏ చెట్లు పూశాయి. పెద్ద ప్యానెల్ కంటే ఆ కాగితానికే విలువ ఎక్కువ. వంద అలర్జెన్లు చూస్తే ఏదో ఒకటి పాజిటివ్ రాకుండా ఉండదు, వచ్చిన ప్రతిదానికీ మళ్ళీ భయం. మీ కథకి సరిపోయే నాలుగైదు పుప్పొడులకు విడివిడిగా చేయించడమే పద్ధతి. అది కూడా మీరుండే చోట పెరిగే చెట్లకే. చెట్ల మిశ్రమం అని ఒకే గిన్నెలో కలిపి చూసే పరీక్షలు కూడా ఉంటాయి, అందులో పాజిటివ్ వస్తే ఏ చెట్టో తెలీదు, మళ్ళీ మొదటికే వస్తారు.

నదిఒడ్డు:

ఇంతసేపూ చదువుతున్నాను, నాది రివర్స్ కేసు. ఏటా సీజన్లో చస్తున్నా రక్తంలో అన్నీ నెగటివ్. అయితే అలర్జీ కాదనేనా?

తుమ్మెదరెక్క:

అలా తేల్చేయలేం నదిఒడ్డు గారూ. మీకు బాధ తెచ్చే చెట్టు ఆ ప్యానెల్‌లోనే లేకపోయి ఉండొచ్చు, వేరే ప్రాంతాల చెట్లను దృష్టిలో పెట్టుకుని తయారైన ప్యానెల్ అయితే ఇది మామూలే. మీ డాక్టరుతో కలిసి ఆ జాబితా తీసి చూడండి. కొందరిలో ఐజీఈ ముక్కు పొరల్లో మాత్రమే తయారవుతుంది, రక్తంలోనూ చర్మంలోనూ కనబడదు, దాన్ని లోకల్ అలర్జిక్ రైనైటిస్ అంటారు, ముక్కులోకి కొంచెం పుప్పొడి పంపి చూసే పరీక్షతో బయటపడుతుంది. పొగ, సెంటు వాసన, వాతావరణం మారడం వల్ల వచ్చే, అలర్జీకి సంబంధం లేని ముక్కు కారడం కూడా ఉంది, దానికి కళ్ళ దురద అంతగా ఉండదు. టోటల్ ఐజీఈ మామూలుగా ఉంది కాబట్టి అలర్జీ లేదనడం కూడా సరికాదు, అది పెరగడానికి ఎగ్జిమా, కడుపులో పాములు లాంటి వేరే కారణాలూ ఉంటాయి, అలర్జీ ఉండి కూడా అది పెరగకపోవచ్చు.

బుజ్జివాళ్ళమ్మ:

మా బాబుని చూసిన అలర్జీ స్పెషలిస్టు మాకు చెప్పిన ఇంకో విషయం కూడా రాస్తున్నాను. ఏ చెట్టో తెలుసుకోవడం స్టీరాయిడ్ ముక్కు స్ప్రే వాడడానికైతే అంత అవసరం లేదట, అది ఏ పుప్పొడికైనా ఒకేలా పనిచేస్తుంది. కాకపోతే అది తుమ్ము వచ్చినప్పుడు కొట్టుకునేది కాదు, రోజూ వాడాలి, పూర్తి ప్రభావం రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కాబట్టి సీజన్ మొదలయ్యే ముందే మొదలుపెట్టమంటారు. ముక్కు మధ్య గోడ వైపు కాకుండా బయటి వైపు తిప్పి కొట్టాలి, లేదంటే రక్తం కారుతుంది. అసలు కారణమైన చెట్టు ఖచ్చితంగా తెలియాల్సింది ఇమ్యునోథెరపీకి, అంటే ఆ పుప్పొడినే కొద్దికొద్దిగా ఇంజెక్షన్‌గానో నాలుక కిందో ఇచ్చి అలవాటు చేసే వైద్యానికి. అది కనీసం 3 ఏళ్ళు సాగుతుంది. తప్పు చెట్టుకి ఇస్తే ఆ ఏళ్ళన్నీ వృథా.

చిగురుకొమ్మ:

అప్‌డేట్. ఫోన్ చేశాను, ఛాతీ సంగతి చెప్పగానే ముందుకు జరిపి రేపే రమ్మన్నారు. స్పైరోమెట్రీ చేస్తారట. నెలలవారీగా కాగితం రాసి పెట్టుకున్నాను. సీసీడీ గురించి అడుగుతాను. ఒక్క చివరి ప్రశ్న, ఈ రక్త పరీక్ష ఏటా మళ్ళీ చేయిస్తూ ఉండాలా?

పరీక్షనాళిక:

అక్కర్లేదండి. పుప్పొడి సీజన్ తర్వాత అంకె కొంచెం పైకి పోతుంది, మళ్ళీ దిగుతుంది, దాన్నిబట్టి మందులు మార్చరు. లక్షణాలు మారినా, కొత్త చోటికి మారినా, ఇమ్యునోథెరపీ మొదలుపెట్టాలనుకున్నా అప్పుడు చూడొచ్చు. రేపు వెళ్ళేటప్పుడు ఇన్‌హేలర్లు, మాత్రలు ఏవైనా వాడుతుంటే వాటి పేర్లు కూడా రాసుకుని వెళ్ళండి, కొన్ని ఇన్‌హేలర్లు వాడిన కొద్ది గంటల్లో స్పైరోమెట్రీ చేస్తే రీడింగ్ మారుతుంది, ఏవి ఎప్పుడు ఆపాలో ఫోన్‌లోనే అడగండి.

చిగురుకొమ్మ:

ఏమీ వాడడం లేదు, సెటిరిజిన్ ఒక్కటే. అయినా అడుగుతాను. ఫలితం వచ్చాక ఇక్కడే రాస్తాను.